అడిగే ముందు ఎందుకో రాసుకో

హైదరాబాద్,
జనవరి 2026

చిరంజీవి తమ్ముడికి,



నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫారం ఫొటో చూశాను. మరిపెడ బంగ్లా దగ్గర షట్టరు అద్దెకు తీసుకున్నావని, ఎరువుల దుకాణాలకూ మిర్చి వ్యాపారులకూ బడులకూ వెబ్‌సైట్ పేర్లు రిజిస్టరు చేసిపెట్టే పని మొదలుపెడుతున్నావని అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. 15 ఏళ్లుగా నేను చేస్తున్న పని కూడా అదే కదా. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. దాచిపెట్టుకో తమ్మీ. పని నడుస్తున్నాక ఇంకోసారి చదువు.

నీ ఫారంలో 19 గడులున్నాయి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, ఆధార్ నంబరు, పాన్ నంబరు, ఇంటి నంబరు, రెండు ఫోన్ నంబర్లు, ఫొటో, ఇద్దరు తెలిసినవాళ్ల పేర్లు, ఇంకా ఏవేవో. ఏదో అప్పు ఫారం చూసి దించావని తెలుస్తూనే ఉంది. గీతలు తిన్నగా ఉన్నాయి, చేతిరాత ముచ్చటగా ఉంది. కానీ ఒక్క గడి పక్కన కూడా ‘ఇది ఎందుకు’ అని లేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాట గురించే.

బాపు మిర్చి బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు తీసుకుపోయి వచ్చిన రాత్రులు నీకు గుర్తుండే ఉంటాయి. జేబులోంచి పైసల కంటే ముందు తక్‌పట్టీ తీసేవాడు. దాని మీద రైతు పేరు, ఊరు, బస్తాలెన్ని, కాంటా మీద తూకమెంత, క్వింటాలుకు ధరెంత, హమాలీ, దడ్వాయి ఖర్చులు పోను చేతికొచ్చేదెంత, ఇవే ఉండేవి. అందులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా లెక్క తేలదు. అక్కర్లేని గడి ఒక్కటీ ఉండేది కాదు. బాపు కులమేమిటని ఆ చీటీ అడగలేదు, తూకానికీ ధరకూ దానితో పని లేదు కనుక. రైతుకూ అడ్తిదారుకూ మధ్య లెక్క తేల్చడమే ఆ చీటీ పని అని దాన్ని తయారుచేసినవాళ్లకు ముందే తెలుసు. పని తేలింది, ఆ తర్వాతే గడులు పుట్టాయి.

నువ్వు ముందు గడులు గీసి, పని సంగతి తర్వాత చూద్దామనుకున్నావు. ఇది నువ్వొక్కడివే చేసిన పొరపాటు కాదు. పేర్ల నమోదు వ్యవస్థ మొత్తం ఇదే పొరపాటును ఏళ్ల తరబడి మోసింది. ఆ కథ నీకు తెలియాలి.

1982 మార్చిలో అమెరికాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో కెన్ హారెన్‌స్టీన్, విక్ వైట్ అనే ఇద్దరు ‘హూఈజ్’ అనే పద్ధతిని కాగితం మీద పెట్టారు. ఇంటర్నెట్‌కు ముందటి ఆర్పానెట్‌లో అప్పుడు ఉన్న యంత్రాలు కొన్ని వందలు. ఎక్కడైనా ఒక యంత్రం మొరాయిస్తే దాన్ని చూసుకునే మనిషిని పట్టుకోవాలి. అందుకోసం పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్ ఉన్న ఒక పుస్తకం కావాలి. ఎవరు అడిగినా అది జవాబు చెప్పాలి. వాడేవాళ్లంతా విశ్వవిద్యాలయాల వాళ్లూ పరిశోధకులూ కాబట్టి ఆ పుస్తకం తెరిచి పెట్టినా ఇబ్బంది లేకపోయింది. తక్‌పట్టీ లాగే దాని పని దానికి స్పష్టంగా ఉంది.

ఆ తర్వాత ఊరు మారిపోయింది, పుస్తకం మారలేదు. వ్యాపారులొచ్చారు, ఇంట్లో కూర్చుని రాసుకునేవాళ్లొచ్చారు, పిల్లలొచ్చారు. 1998లో ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ ఏర్పడి, డాట్ కామ్ లాంటి పేర్లు అమ్మే రిజిస్ట్రార్లతో ఒప్పందాలు రాయించుకుంది. యజమాని, పాలన చూసే మనిషి, సాంకేతిక పని చూసే మనిషి, ఈ ముగ్గురి పేర్లూ ఫోన్లూ చిరునామాలూ తీసుకుని లోకమంతటికీ చూపాలని ఆ ఒప్పందాల్లో ఉండేది. అసలెందుకు తీసుకుంటున్నామని మళ్లీ మొదటి నుంచి ఆలోచించే తీరిక ఎవరికీ దొరకలేదు. దాని ఫలితం నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ విన్నాను. ఉదయం పేరు కొన్న మనిషి సాయంత్రానికల్లా మాకు ఫోన్ చేసి, ‘వెబ్‌సైట్ చేసిపెడతామని పొద్దటి నుంచి ఎవరెవరో ఫోన్ చేస్తున్నారమ్మా, నా నంబరు మీరు అమ్ముకున్నారా’ అని అడిగేవాడు. మేము అమ్మలేదు. అమ్మాల్సిన పనే లేదు, బజారులో పరిచి పెట్టినట్టు ఉండేది. దాచుకోవాలంటే చాలాచోట్ల ఏటా వేరుగా డబ్బు కట్టాల్సి వచ్చేది. తన ఇంటి నంబరు తీసెయ్యమని ఒంటరిగా ఉండే ఒక ఆడమనిషి ఏడుస్తూ అడిగితే, నిబంధన ఒప్పుకోదని నా నోటితోనే చెప్పాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఎందుకు తీసుకుంటున్నామన్న ప్రశ్నను తలకెత్తుకున్నవాళ్లు మన హైదరాబాద్‌కే వచ్చారు తమ్మీ. 2016 నవంబరు 3 నుంచి 9 దాకా ఐకాన్ 57వ సమావేశం హెచ్‌ఐసీసీలో జరిగింది. అప్పటికి రెండేళ్ల ముందు, 2014లో, ఐకాన్ వేసిన ఒక నిపుణుల బృందం హూఈజ్ పద్ధతినే వదిలెయ్యమని చెప్పింది. ఎవరు, ఏ పని కోసం, ఏ వివరం చూడాలో తేల్చి, ఆ మేరకే తలుపు తియ్యమంది. దాని మీద పని చేయడానికి 2016లో ఇంకో బృందం కూర్చుంది. వాళ్లు పెట్టుకున్న ప్రశ్నల వరస చూడు: ఈ వివరాలు ఎవరికి కావాలి, ఏ పనికి కావాలి? ఆ పనికి ఏయే వివరాలు చాలు? అవి ఎవరికి కనబడాలి? నీ ఫారానికీ ఇదే వరస. మొదటి ప్రశ్నకు జవాబు రాకుండా రెండోదానికి పోవద్దు.

ఆ సమావేశానికి సుమారు మూడు వారాల ముందు, 2016 అక్టోబరు 11న, మన మరిపెడ వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి మారింది. ఊరు కదల్లేదు, ఆకేరు వాగు కదల్లేదు, చిరునామా మాత్రం మారింది. మన వైపు వాళ్లు అంతకుముందు కొన్న పేర్ల మీద వరంగల్ అని అలాగే ఉండిపోయింది. వివరాలు సరిచూసుకోమని యజమానికి ఏటా గుర్తు చేయాలని రిజిస్ట్రార్లకు 2003 నుంచే నిబంధన ఉంది. గుర్తు చేసేవాళ్లం, దిద్దుకునేవాళ్లు తక్కువ. తీసుకున్న ప్రతి వివరమూ పెంచుకున్న పశువు లాంటిది. దానికి రోజూ మేత వెయ్యాలి, కాపలా కాయాలి. 19 గడులు నింపించుకుంటే 19 పశువుల్ని కట్టేసుకున్నట్టే. ఏ పనికీ రాని పశువుకు ఎన్నాళ్లు మేత వేస్తావు?

2016లో కూర్చున్న ఆ బృందం పని పూర్తికాకముందే చట్టం ముంచుకొచ్చింది. 2018 మే 25న ఐరోపాలో జీడీపీఆర్ అమల్లోకి వచ్చింది. పని ఇదీ అని ముందుగా చెప్పకుండా గానీ, ఆ పనికి అవసరమైనదాన్ని మించి గానీ ఎవరి వివరాలూ తీసుకోకూడదని దాని మూలసూత్రం. ఐకాన్ ఎనిమిది రోజుల ముందు, మే 17న, తాత్కాలిక నిబంధనలు తెచ్చి చాలా వివరాలకు తెర కట్టించింది. కానీ తీసుకోవడం మాత్రం పాత పద్ధతిలోనే సాగాలంది. జర్మనీలోని బాన్ నగరంలో ఉన్న ఎపాగ్ అనే రిజిస్ట్రార్, పాలన మనిషి, సాంకేతిక మనిషి గడులు నేనిక నింపించనని తెగేసి చెప్పింది. ఐకాన్ అదే మే 25న అక్కడి కోర్టుకు వెళ్లింది. కొద్ది రోజుల్లోనే కోర్టు ఆ విన్నపాన్ని తోసిపుచ్చింది. కోర్టు పట్టుకున్న సూత్రం మన రచ్చబండ దగ్గర పెద్దమనుషులు చెప్పే మాటలా ఉంటుంది. మూడు గడుల్లోనూ ఒకే మనిషి పేరు రాసినా ఇన్నాళ్లూ పేర్లు ఇచ్చారు కదా, మరి మిగతా రెండూ లేకపోతే పని ఆగుతుందని ఎట్లా అంటారు?

నువ్వూ ప్రతి గడినీ ఇట్లాగే నిలబెట్టి అడుగు: ఇది ఖాళీగా ఉంటే ఏ పని ఆగిపోతుంది? ఏదీ ఆగదంటే కొట్టెయ్యి.

మరి ఏ పనులు నిజమైనవి? 2019 ఫిబ్రవరిలో ఐకాన్ వేసిన మరో బృందం ఎన్నో నెలలు వాదించుకుని వీటికో జాబితా రాసింది. మన మాటల్లో చెబుతాను. మొదటిది, ఈ పేరు ఎవరిదో తేల్చడం, దాని మీద వాళ్ల హక్కు వాళ్లు వాడుకునేలా చూడటం. రెండోది, పేరు సంగతులు చెప్పడానికి యజమానిని అందుకోగలగడం. మూడోది, అమ్మిన సంస్థే మూతపడితే యజమానుల వివరాలు నీళ్లపాలు కాకుండా ఇంకోచోట నకలు దాచడం. 2007లో అమెరికాలో రిజిస్టర్‌ఫ్లై అనే రిజిస్ట్రార్ కూలిపోయినప్పుడు ఈ నకలు విలువ లోకానికి తెలిసింది. నాలుగోది, నా పేరు వాడు కాజేశాడని తగాదా వస్తే తీర్చడం. డాట్ ఇన్ పేర్ల తగాదాలకు మన దేశంలో ఆ పేర్లను చూసుకునే నిక్సీ సంస్థ వేరే పద్ధతి పెట్టింది. ఐదోది, అమ్మేవాళ్లు ఒప్పందం ప్రకారం నడుస్తున్నారా అని తనిఖీ చేయడం. ఆరోది, కొన్ని రకాల పేర్లు కొందరికే ఇవ్వాలి కాబట్టి వాళ్ల అర్హత చూడటం.

ఆ చివరిదానికి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. మోసగాళ్లు బ్యాంకుల పేర్లను పోలిన పేర్లతో జనాన్ని దోచుకుంటున్నారని, దేశంలోని బ్యాంకులన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ పేర్లలోకి మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. 2025 అక్టోబరు 31 దాకా గడువు ఇచ్చింది. ఆ పేర్లు ఇచ్చే ఒకే ఒక్క రిజిస్ట్రార్ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. అక్కడ పేరు అడిగినవాడు నిజంగా బ్యాంకేనా అని పత్రాలు తీసి చూడటం తప్పు కాదు, అందుకోసమే ఆ పేర్లు పుట్టాయి. అవే పత్రాలు నువ్వు ఒక టైలరు దగ్గర అడిగితే అది పెత్తనం అవుతుంది. పని మారితే గడి మారుతుంది.

‘రేపు పోలీసులొచ్చి అడిగితే ఏం చూపించాలక్కా, అన్నీ తీసి పెట్టుకుంటే మంచిది కదా’ అన్నావు మొన్న. ఈ మాట దగ్గర చాలా పెద్దవాళ్లే తడబడ్డారు. ఐరోపా దేశాల సమాచార రక్షణ మండలి 2018 జులై 5న ఐకాన్‌కు ఉత్తరం రాసింది. మీకు వివరాలు ఎందుకు కావాలన్నది ఒకటి, వేరేవాళ్లకు అవి ఎందుకు పనికొస్తాయన్నది ఇంకొకటి, రెండింటినీ కలపవద్దని అందులో హెచ్చరించింది. వివరం తీసుకోవడానికి కారణం నీ పనిలో ఉండాలి. నీ పని కోసం తీసుకున్నది నీ దగ్గర ఉంటే, చట్టప్రకారం అడిగిన అధికారికి ఇవ్వాలి, ఇస్తావు. అంతేగాని ఎప్పుడో ఎవరో అడుగుతారని ఊరి వివరాలన్నీ బీరువాలో నింపుకోవడం నీ పని కాదు. చట్టమే ఫలానాది తీసి ఉంచమంటే అదీ ఒక కారణమే, ఆ గడి పక్కన ఏ చట్టమో రాసుకో. రేపు సొంతంగా సర్వర్లు అద్దెకివ్వడం మొదలుపెడితే 2022 ఏప్రిల్ 28 నాటి కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు తప్పకుండా చదువు. అలాంటివాళ్లు ఖాతాదారుల వివరాలు అయిదేళ్లు ఉంచాలని అందులో ఉంది.

ఒక పనికి తీసుకున్నది ఇంకో పనికి వాడకూడదన్నది కూడా ఇక్కడే చెబుతాను. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మన పక్క తండాల్లోకి నీళ్లొచ్చినప్పుడు, ఇంట్లో ఎందరున్నారు, ఏమేం పోయాయి అని అడిగితే జనం దాచకుండా చెప్పారు. సాయం రావడానికే అడుగుతున్నారని నమ్మారు. అదే జాబితా పట్టుకుని మర్నాడు వడ్డీ వ్యాపారి తలుపు తడితే, మళ్లీ వరద వచ్చిననాడు ఎవరైనా నోరు విప్పుతారా? నీ దగ్గర ఉన్న ఫోన్ నంబర్లు పేరు గడువు చెప్పడానికి తీసుకున్నవి. పండగ ఆఫర్ల కోసం ఎవరో ఆ జాబితా అడుగుతారు, డబ్బు కూడా చూపిస్తారు. ఇవ్వకు.

ఇదంతా చదివి గడులు తగ్గించడమే మంచితనం అనుకుంటావేమో. కాదు. తీసెయ్యకూడని గడి తీసేసినా మనిషి నష్టపోతాడు. భూమి రికార్డైన పాత పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు కాలం ఉండేది. ధరణి పోర్టల్ వచ్చాక ఆ కాలం కనబడలేదు. కాగితం మీద పేరు లేక, దున్నుకుంటున్న భూమి మీద తమ మాట చెల్లించుకోలేక తిరిగినవాళ్లను మన మండలంలోనే చూశావు. గడి పెట్టేటప్పుడు ఎందుకని ఎంత గట్టిగా అడగాలో, తీసేటప్పుడూ అంతే గట్టిగా అడగాలి.

గడి విలువ నేను నేర్చుకున్నది మాత్రం నా తప్పు వల్ల. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మన వైపే ఒక చిన్న బడి వాళ్లు వెబ్‌సైట్ పేరు కావాలన్నారు. సారుకు ఈమెయిల్ లేదు. ఆయనకు శ్రమ ఎందుకని యజమాని గడిలో నా పేరు, ఈమెయిల్ గడిలో నా ఆఫీసు మెయిల్ రాసేశాను. మంచే చేశాననుకున్నాను. తర్వాత కంపెనీ మారాను, ఆ మెయిల్ మూసేశారు. గడువు తీరడానికి నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి రావాల్సిన హెచ్చరికలు ఎవరూ చదవని పెట్టెలోకి పోయాయి. గడువు దాటి పేరు తొలగించాక కూడా తిరిగి విడిపించుకోవడానికి 30 రోజులు ఉంటాయి. అదీ గడిచిపోయింది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ పేరు కొనేసుకున్నారు. పిల్లల పుస్తకాల అట్టల మీద, బస్సు మీద, గేటు మీద అచ్చువేసుకున్న పేరు అది. సారు ఖమ్మం నుంచి హైదరాబాద్ దాకా తిరిగాడు. ఆ పేరు తనదని చూపడానికి ఆయన దగ్గర ఒక్క ఆధారం లేదు, రికార్డులో ఉన్నది నేను. ‘నీ మీద నమ్మకంతో అడగలేదమ్మా’ అన్నాడు తప్ప ఒక్క మాట తూలలేదు. ఆ రెండు గడులు ఎందుకున్నాయో ఆ రోజు నాకు తెలిసింది.

కాబట్టి ఇట్లా చెయ్యి. ఒక తెల్ల కాగితం మీద నాలుగు నిలువు గడులు గియ్యి: ఏం అడుగుతున్నాను, ఎందుకు, ఎవరు చూస్తారు, ఎప్పటిదాకా ఉంచుతాను. రెండో గడి నింపలేకపోతే మొదటిది కొట్టెయ్యి. యజమాని పేరు కావాలి, దుకాణందైతే దుకాణం పేరు. వాళ్ల సొంత ఈమెయిల్ కావాలి. లేకపోతే అక్కడే కూర్చోబెట్టి వాళ్ల ఫోన్‌లోనే తెరిపించు, పాస్‌వర్డ్ వాళ్లే పెట్టుకోవాలి. ఫోన్ నంబరు ఒక్కటి చాలు. రిజిస్ట్రార్ ఒప్పందం అడుగుతుంది కాబట్టి చిరునామా కావాలి. తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ, తెలిసినవాళ్ల పేర్లు తీసెయ్యి. రిజిస్ట్రార్ ఏదైనా గుర్తింపు పత్రం అడిగితే యజమాని చేతనే నేరుగా ఎక్కించు. ఆధార్ అయితే అంకెలు కప్పిన మాస్క్‌డ్ ఆధార్ చాలునేమో ముందు అడుగు. జిరాక్స్ నీ డ్రాయరులో మిగలకూడదు. డాట్ కామ్ లాంటి పేర్లకు 2025 జనవరి 28 నుంచి పాత హూఈజ్ తప్పనిసరి కాదు, దాని చోట ఆర్‌డాప్ వచ్చింది. అందులో తన పేరు మీద ఏం కనబడుతోందో ప్రతి యజమానికీ ఒకసారి ఫోన్‌లో చూపించు.

మన దేశంలోనూ ఇప్పుడు చట్టం ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఏ వివరం, ఏ పనికి అన్నది ముందే చెప్పి అడగాలని, ఆ పనికి కావలసిన మేరకే ఒప్పుదల చెల్లుతుందని, పని తీరాక చెరిపెయ్యాలని చట్టంలో ఉంది. ఉదాహరణ కూడా ఇచ్చారు: ఫోన్‌లో వైద్యం చెప్పే యాప్, రోగి ఫోన్‌లో ఉన్న నంబర్ల జాబితా అడిగితే, రోగి సరేనన్నా అది చెల్లదు, వైద్యానికి ఆ జాబితా అక్కర్లేదు కనుక. ఆ విషయాలు తెలుగులో చదువుకునే వీలు ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. వెబ్‌సైట్ పేరే తెలుగు లిపిలో ‘డాట్ భారత్’ అని పెట్టుకునే రోజులివి, నీ ఫారం ఇంగ్లిష్‌లో ఎందుకుండాలి? తండా నుంచి వచ్చే అక్కలకు తెలుగు చదవడం రాకపోతే లంబాడీల గోర్‌బోలీ తెలిసిన దోస్తును పిలిపించి చెప్పించు. అర్థం కాకుండా పెట్టిన వేలిముద్రను ఒప్పుదల అనుకోకు.

నీ ఫారం ప్రింటు తీసి, పెన్సిలుతో దిద్ది ఈ ఉత్తరంతో పంపుతున్నాను. 19లో నాలుగు మిగిలాయి. ఆ నాలుగింటి పక్కన ‘ఎందుకు’ అన్నచోట ఖాళీ వదిలాను. అది నేను రాస్తే నీకు రాదు, నువ్వే నింపు.

ఇంకొకటి. నీ దుకాణం పేరు మీద డాట్ కామ్ ఒకటి నిన్న కొన్నాను, అక్క కానుక అనుకో. డబ్బు నేను కట్టాను కానీ యజమాని గడిలో నీ పేరే రాశాను, ఈమెయిల్ గడిలో నీ మెయిలే పెట్టాను. సరిచూసుకోమని నీకొక మెయిల్ వచ్చి ఉంటుంది. 15 రోజుల్లో అందులోని లింకు నొక్కకపోతే పేరు ఆగిపోతుంది. ఈసారి ఆ మెయిల్ చేరాల్సిన మనిషికే చేరింది. ఇవాళే తెరువు.

అమ్మను, బాపును అడిగానని చెప్పు. మిర్చి ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమను.

ఇట్లు,
మీ అక్క